మంచమంత ఉప్పు

చీటీ 1. సోమవారం, పొద్దున్న

కాగితం దొరికే దారి లేక గొట్టంలో వచ్చే చీటీల వెనక రాస్తున్నాను. ముందువైపు ఏం వచ్చిందో అచ్చువేసి ఉంటుంది. "బట్టల సబ్బు ఒకటి. కారణం: మరక." వెనకవైపు ఖాళీ. ఆ ఖాళీ నాది.

మరక అబద్ధం. సబ్బు కావాలంటే కారణం చెప్పాలి, చెప్పకపోతే అంచనా పంపదు. గట్టుమీంచి ఇంటింటి సరుకూ లెక్కగట్టి గొట్టంలో పంపే యంత్రాన్ని అంచనా అంటాం. గోడమీద పలక ముట్టుకోగానే పదమూడు కారణాలు వరసగా కనిపిస్తాయి. చుట్టాలు, పూజ, పురుడు, మరక, పోయింది, పాడైంది, అలా. వాటిలో ఒకటి నొక్కాలి. ఏదీ కుదరకపోతే చివర ఖాళీగడిలో మనమే రాసుకోవచ్చు. ఈ ఇంట్లో దిగిన కొత్తలో తెలియక నిజం రాశాను. రెండు కిలోల ఉప్పు, కారణం: ఎందుకైనా మంచిదని. వెంటనే "చెల్లని కారణం, మొదటి హెచ్చరిక" అని వచ్చి, గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. పాపం యంత్రానికి అర్థమై ఉండదులే అని మర్నాడు మళ్లీ అదే రాశాను. రెండో హెచ్చరిక వచ్చింది. ఆ దీపం నెలరోజులు ఆరలేదు, వీధిలో వాళ్లంతా తల తిప్పుకుని నడిచేవాళ్లు.

మూడోది వస్తే లంక మీంచి దించేసి గట్టుమీది శిబిరానికి పంపేస్తారు. అందుకని పన్నెండేళ్లుగా మా ఇంటికి చుట్టాలు వస్తూనే ఉన్నారు, నా చీరలకి మరకలు పడుతూనే ఉన్నాయి.

నా పేరు మాణిక్యాంబ. గోదావరి సముద్రంలో కలిసే చోట తేలుతున్న ఈ లంకని కట్టేటప్పుడు కూలీల మెస్సులో వంటమనిషిని. మూడు వందల మందికి రెండు పూటలా వండాను. ఇక్కడ అరవై ఒక్క ఇళ్లు, రెండు వందల పద్నాలుగు మంది. బరువెక్కితే మునిగిపోతాం కాబట్టి ఏ ఇంట్లోనూ మూడు రోజులకి మించి సరుకు ఉండకూడదు. ఇంటి నేలే తూకం. పొద్దున్నే లేచి చాప చుట్టేసరికి పలక మీద అంకె పడుతుంది: మూడు వందల తొంభై కిలోలు, పరిమితిలో ఉన్నారు, ధన్యవాదాలు.

పరిమితిలో ఎందుకుండను? మంచం ముప్పై ఎనిమిది కిలోలు ఉండేది. దాన్ని వెనక్కి పంపేసి ముప్పై ఎనిమిది కిలోల ఉప్పు కూడబెట్టాను. అందుకు మూడేళ్లు పట్టింది. బీరువా పోయి పంచదార వచ్చింది. సోఫా పోయి సబ్బులు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పటిక, బ్లీచింగు పౌడరు వచ్చాయి. అన్నీ చవకవే, ఎవరూ లెక్కచెయ్యనివే. కుర్చీలు రెండుంటే ఒకటి పంపేశాను, ఎవరైనా వస్తే నేను నిలబడతాను. నేల మాత్రం ఏమీ ఎరగనట్టు రోజూ ధన్యవాదాలు చెబుతూనే ఉంది.

చీటీ 2. బుధవారం, మధ్యాహ్నం

ఇవాళ తనిఖీ. ఏడాదికోసారి గట్టుమీంచి నిల్వల అధికారి వస్తాడు. పాతాయన రిటైరైపోయి కొత్తాయన వచ్చాడు. పేరు పులపర్తి తారకేశ్వర్, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గుమ్మం బయట చెప్పులు రెండూ జతగా, గోడకి తిన్నగా పెట్టి లోపలికి వచ్చాడు. ఆ చెప్పులు చూసే నాకు గుండె జారింది. చెప్పులు అంత తిన్నగా విడిచేవాడు ఏ నిబంధన వంకరపోనిస్తాడు?

మంచం ఏదని అడిగాడు. నడుంనొప్పికి నేలమీద పడుకోమన్నారని చెప్పాను. రాసుకున్నాడు. తర్వాత స్నానాలగది మీద నేను చెక్కలు బిగించి కట్టుకున్న అటక వైపు చూశాడు. అక్కడ నలభై మూడు డబ్బాలున్నాయి. చేతిలో స్కానరు ఒక్కో డబ్బా మీదికి చూపించాడు. అది డబ్బా మీది పేరు చదివి చెబుతుంది. పాలపొడి, తయారీ నిలిచిపోయింది, పురాతన వస్తువు. బిస్కెట్లు, పురాతన వస్తువు. నెయ్యి, పురాతన వస్తువు. నలభై మూడూ పురాతన వస్తువులే.

మూత ఒక్కటీ తీయలేదు. తీయాలని తట్టదు వాళ్లకి. ఇప్పుడన్నీ నీళ్లలో కరిగిపోయే పొట్లాలే. డబ్బా మీద ఒకటి రాసి ఉండి లోపల ఇంకొకటి ఉంటుందని ఈ పిల్లలు ఎప్పుడూ చూసి ఎరగరు. మా రోజుల్లో బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లున్న ఇల్లు నాకు ఒక్కటీ తెలియదు. సూదులూ దారాలూ ఉండేవి, లేకపోతే మందుబిళ్లలు.

ఇన్ని ఖాళీ డబ్బాలు ఎందుకండీ అన్నాడు. జ్ఞాపకాలు బాబూ అన్నాను. పాపం జాలిగా తలూపి, ఎదురింటి పేరిరాజు గారింటికి వెళ్లాడు. పేరిరాజు గారి ఇల్లు లంకలో ఆదర్శ గృహం. మూడు రోజులది కాదు కదా, రెండు రోజుల సరుకు కూడా ఉంచుకోరు. గుమ్మం మీద తగిలించిన మెచ్చుకోలు పత్రం ఒక్కటే ఆ ఇంట్లో బరువు.

నిజానికి ఆయన వచ్చే గంట ముందు కొంప మునిగేదే. పంచదార పోసిన పాలపొడి డబ్బా మూత వదులు, చుట్టూ చీమలు బారులు కట్టాయి. ఖాళీ పురాతన వస్తువుకి చీమలు పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. గబగబా పంచదార పళ్లెంలోకి తీసి, గట్టిమూత ఉన్న బిస్కెట్ల డబ్బాలోని ఉప్పు పాలపొడి డబ్బాలో పోసి, ఆ పంచదార బిస్కెట్ల డబ్బాలో పోశాను. ఏది ఎందులో ఉందో ఎక్కడా రాసి పెట్టను. ఈ చీటీల్లో కూడా ఇవాళ్టి ఈ రెండూ తప్ప రాయలేదు, రాసింది మళ్లీ చదవను కూడా, అన్నీ నా బుర్రలోనే ఉంటాయి.

చీటీ 3. శుక్రవారం

తుపాను వస్తోందట. అంచనా పొద్దుటే చెప్పింది: గాలి ఎక్కువ, గొట్టంలో రెండు రోజుల అంతరాయం, ఇళ్లలో మూడు రోజుల సరుకు ఉంది కనక ఆందోళన వద్దు. దాని లెక్క ఎప్పుడూ తప్పలేదని అందరికీ ధీమా. తారకేశ్వర్ పడవ రద్దయింది, అతిథిగదిలో ఉండిపోయాడు. పక్కింటి సలోమి బట్టలు లోపలికి తెచ్చుకుంటూ నన్ను చూసి నవ్వి, "పిన్నిగారూ, మీకేం భయం, మీ దగ్గర జ్ఞాపకాలున్నాయి గదా" అంది. దాని కూతురు కెజియాకి నాలుగేళ్లు. అది ఎప్పుడు చూసిందో, డబ్బాలో పంచదార ఉంటుందని దానికి తెలుసు.

చీటీ 4. మంగళవారం

గాలి ఆదివారమే తగ్గింది. గొట్టం మాత్రం తెగిపోయి సముద్రం అడుగున పడి ఉందట. పలక ఇంకా వెలుగుతోంది, దానికి బ్యాటరీ ఉంది. రోజూ ఒకటే మాట: "రేపు పునరుద్ధరణ." నిన్నా అదే, ఇవాళా అదే.

మొదట కొవ్వొత్తి అడగడానికి వచ్చింది ఎవరో తెలుసా, పేరిరాజు గారు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా అడిగారు.

తిండి సరే, సర్దుకోవచ్చు. అందరూ ఒక్కో పూట మానేస్తున్నారు. నాకు భయం నీళ్లతోనే. తొట్టిలో నీళ్లు నిన్న అడుగంటాయి. వడపోత యంత్రంలో జల్లెడ ఒకటి చిరిగింది. కొత్త జల్లెడ గొట్టంలోనే రావాలి. గోదావరి ఎర్రగా వరదొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టేసింది, లంక చుట్టూ మంచినీళ్లే, కాకపోతే బురదా చెత్తా చచ్చిన పశువులూ కొట్టుకొస్తున్నాయి. జనం బకెట్లతో అవే తోడుకుంటున్నారు. పలక కూడా "అత్యవసరంలో నదీజలం వాడవచ్చు" అంటోంది. వడపోత ఆగిపోయిందని దానికింకా ఎక్కలేదు.

మధ్యాహ్నం సలోమి వచ్చింది. కెజియాకి పొద్దుట్నుంచి ఏడుసార్లు విరేచనాలు, ఇప్పుడు వాంతులు కూడా. మా వీధి చివర ఇంకో ఇద్దరికి. తారకేశ్వర్‌కీ కడుపులో బాలేదట.

నాకు ఎర్నమ్మ గుర్తొచ్చింది. మెస్సులో నా పక్కన నిలబడి కూరలు తరిగే మనిషి. లంక కట్టేటప్పుడు ఒక వానాకాలం ఇలాగే నీళ్లు చెడి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఉప్పూ పంచదారా కలిపిన శుభ్రమైన నీళ్లు గుక్కగుక్కగా పడితే బతుకుతారని ఒక నర్సమ్మ చెప్పింది. సామాను గది తాళం కాంట్రాక్టరు దగ్గర ఉంది, ఆయన గట్టుమీద ఉన్నాడు. రెండు రోజుల్లో పదిహేడు మంది పోయారు. ఎర్నమ్మ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. వంటమనిషిని, ఒక్క చెంచాడు పంచదార తెచ్చిపెట్టలేకపోయాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. ఈ డబ్బాలన్నీ ఆ సిగ్గుకి పుట్టినవే.

ఇప్పుడు అటక దించితే అధికారి కళ్లముందే మూడో తప్పు. దించకపోతే ఇంకో ఎర్నమ్మ. నిచ్చెన వేశాను.

చీటీ 5. మంగళవారం, సాయంత్రం

దించుతుండగానే తారకేశ్వర్ గుమ్మంలోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, అయినా చెప్పులు తిన్నగానే విడిచాడు. నేల మీద మూతలు తీసిన డబ్బాలు, పటిక గడ్డలు, బ్లీచింగు వాసన. ఒక్కో డబ్బాలోకీ వంగి చూసి, "మాణిక్యాంబ గారూ, ఇదంతా నేను రాయాల్సి వస్తుందండీ" అన్నాడు. గొంతులో బెదిరింపేమీ లేదు, ఏడుపు ఆపుకుంటున్నట్టుంది.

"రాసుకోండి బాబూ. ముందు ఈ బిందె అటు పట్టండి" అన్నాను.

పట్టాడు. పాతచీర నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టించాను. వరదనీళ్లలో పటిక తిప్పి అరగంట కదపకుండా ఉంచితే బురద అడుక్కి దిగింది. పైనీళ్లు చీరలోంచి వడగట్టి బ్లీచింగు కలిపి మళ్లీ అరగంట ఉంచాం. రెండో బిందె పోసేటప్పటికి వీధి సగం మా గుమ్మంలో ఉంది. ఇంటికో పాతచీర అడిగాను. ఎవరి దగ్గరా లేవు, మూడు నెలలు దాటితే బట్టలు కూడా వెనక్కి పంపెయ్యాలి కదా. నా దగ్గర పద్నాలుగున్నాయి. పద్నాలుగూ చింపాను.

ఇంటికి ఒక సబ్బు, ఒక అగ్గిపెట్టె, ఒక కొవ్వొత్తి. చేతులు కడుక్కోకుండా బిందె ముట్టుకున్న మగవాళ్లందరినీ పేరుపేరునా తిట్టాను. మెస్సు రోజుల తర్వాత ఇంత గట్టిగా తిట్టింది ఇవాళే, ప్రాణానికి హాయిగా ఉంది.

చీటీ 6. బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటికి జబ్బుపడినవాళ్లు ఇరవై ఆరుమంది. తారకేశ్వర్‌కి కళ్లు లోపలికి పోయాయి, చెయ్యి మీద చర్మం పట్టి లాగితే అలాగే నిలబడిపోతోంది. అతన్నీ కెజియానీ మా ఇంట్లోనే చాప మీద పడుకోబెట్టాం. నేను బిందెల దగ్గర ఉన్నాను. శుభ్రమైన నీళ్లు లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపమని సలోమికి చెప్పాను. పంచదార పాలపొడి డబ్బాలో, ఉప్పు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయని చెప్పింది కూడా నేనే.

సలోమి కలిపి రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నా చేతికిచ్చి, రెండోది పట్టుకుని కెజియా తల పైకెత్తింది. నేను తారకేశ్వర్ దగ్గర కూర్చున్నాను. కలిపేటప్పుడు నేలమీద కాస్త ఒలికినట్టుంది, తెల్లగా రెండు కుప్పలు. పెద్ద కుప్ప పక్కనుంచి చీమలు తిన్నగా నడిచి పోతున్నాయి, అటు తలైనా తిప్పడంలేదు. చిటికెడు ఒలికిన రెండో కుప్ప మీద మాత్రం నల్లగా మూగాయి.

నేను ముప్పై ఏళ్లు వండాను. ఒక్కరోజూ వడ్డించకముందు రుచి చూడలేదు. ఎంగిలి చేసి పెట్టకూడదని మా అమ్మ నేర్పింది, వాసన పట్టి ఉప్పు చెప్పేదాన్ని, దానికి మెస్సులో నాకు పెద్ద పేరు. ఎంత జబ్బులోనైనా ఒకరికి పెట్టే గ్లాసు ముందు నేను తాగడమేమిటని చెయ్యి ఆగిపోయింది. చీమల వైపు ఇంకోసారి చూసి, గ్లాసు ఎత్తి గుక్కెడు తాగాను.

ఉప్పు. ఒట్టి ఉప్పు. సముద్రం తాగినట్టుంది.

సలోమి చేతిలో గ్లాసు ఒక్క తోపుతో పడగొట్టాను. అది బిత్తరపోయింది. పంచదార డబ్బా మార్చింది నేనే, వారంకింద, తనిఖీకి భయపడి. మార్చిన సంగతి నా గొప్ప బుర్ర మరిచిపోయింది. ఆ గ్లాసు లోపలికి వెళ్లుంటే ఎండిపోయిన ఒంట్లో ఉన్న కాస్త నీరూ అది పీల్చేసేది. అధికారి కళ్లు కప్పడానికి వేసిన ఎత్తు ఆ అధికారినే, పక్కనున్న పసిపిల్లనీ చంపేది. నేను నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను. సలోమి నా వీపు నిమిరి, "పిన్నిగారూ, ఏడుపు తర్వాత. ఏ డబ్బా ఏదో ముందు చెప్పండి" అంది.

నా బుర్రని నమ్మి ఇంక చెప్పలేదు. నలభై మూడు డబ్బాలూ మూతలు తీయించి, వాసన చూసి, నాలికతో చూడగలిగినవి నాలికతో చూసి, సలోమి చేత బొగ్గుతో పెద్దపెద్ద అక్షరాలతో రాయించాను. మళ్లీ కలిపాం. ఈసారి ప్రతి గ్లాసూ నేనే ముందు చెంచాడు తాగాను. కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదని అప్పటి నర్సమ్మ కొలత చెప్పింది. ఆ పూట కొలత చూసుకోడానికి నా మొహం మీదే బోలెడుంది.

చెంచాతో పట్టాం, ఒక్కో చెంచా, మధ్యాహ్నందాకా. రెండింటికి కెజియా కళ్లు తెరిచి, ఇంకొంచెం పంచదార వెయ్యమంది. సాయంత్రానికి తారకేశ్వర్ ఒంటేలుకి లేచాడు. ఆ మాట ఇంటింటికీ కబురు చేశాం, పండగలాగా.

చీటీ 7. ఆదివారం

తొమ్మిదో రోజున గొట్టం మోగింది. నీళ్లు, మందులు, జల్లెడ వచ్చాయి. గట్టుమీంచి డాక్టర్లు పడవలో వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. మొత్తం జబ్బుపడింది డెబ్బై ఒక్కమంది. పోయింది ఎవరూ లేరు. రెండు వందల పద్నాలుగు మంది, తారకేశ్వర్‌తో కలిపి రెండు వందల పదిహేను, అందరూ ఉన్నారు. ఆ లెక్క నేను వీధి చివరిదాకా నడిచి నా కళ్లతో చూసుకుని మరీ రాస్తున్నాను.

ఎర్నమ్మా, విన్నావా, అందరూ ఉన్నారే.

చీటీ 8. సోమవారం

తారకేశ్వర్ రిపోర్టు రాశాడు. పంపేముందు నాకు చదివి వినిపించాడు. నలభై మూడు డబ్బాలు, వాటిలో ఏముందో గ్రాములతో సహా, నేను చెప్పిన జ్ఞాపకాల అబద్ధంతో సహా. అందరికీ ఏం పంచానో, ఎంతమంది బతికారో కూడా అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం దాచలేదు, ఒక్క అక్షరం పెంచలేదు. అలాంటి మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోను? శుక్రవారం విచారణ. కారణం లేని నిల్వ, మూడో తప్పు, గట్టుమీది శిబిరం.

సలోమి మండిపడింది. ప్రాణం పోసిన మనిషిని పంపించేస్తారా అని అడిగింది. "పంపడం నా చేతిలో లేదండీ. మీరేదైనా నిబంధన అడిగితే చదివి వినిపించడం మాత్రం నా డ్యూటీ" అన్నాడు. అయితే జాబితాలో కొత్త కారణం ఎలా పుడుతుందో చదవమంది సలోమి. అతను పుస్తకం తెరవకుండానే చెప్పాడు. లంకలో సగానికి మించిన ఇళ్లు ఒకే రోజు ఒకే కారణం రాస్తే, అది ఎంత చెల్లనిదైనా, అంచనా దాన్ని జాబితాలో చేర్చుకోవాలి. కారణం ఉన్న నిల్వ నేరం కాదు. ఆ నిబంధన అతనికి అంత గడగడా వచ్చిందంటే, రిపోర్టు రాస్తూ రాస్తూ వెతికే ఉంటాడని నా అనుమానం.

అరవై ఒక్క ఇళ్లలో ముప్పై ఒకటి కావాలి. రాసిన ప్రతి ఇంటికీ ముందు హెచ్చరిక పడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. ముప్పై ఒకటి చేరకపోతే ఆ హెచ్చరికలు అలాగే ఉండిపోతాయి. నాకోసం ఎవరూ ఆ పని చెయ్యొద్దని సలోమి చేత ఒట్టు వేయించుకోబోయాను. అది చెయ్యి వెనక్కి లాక్కుని వెళ్లిపోయింది.

చీటీ 9. బుధవారం

మూట కట్టుకున్నాను. పెద్ద మూటేం కాదు. ఇన్నేళ్లు బరువు పెరక్కుండా ఉన్నందుకు ఇదొక లాభం.

ఎదురింటి పేరిరాజు గారు సాయంత్రం వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఆ ఎర్రదీపం తమ గుమ్మానికి చాలా అవమానమనీ, పద్నాలుగేళ్ల మెచ్చుకోలు పత్రమనీ, నేను అర్థం చేసుకోవాలనీ చెప్పారు. అర్థం చేసుకున్నానండీ అన్నాను. నిజంగానే చేసుకున్నాను. నా దీపం వెలిగిన నెలరోజులు నాకు గుర్తున్నాయి. మహా అయితే సలోమి, ఇంకో తొమ్మిది పదిమంది రాస్తారు. వాళ్లకి హెచ్చరికలు మిగిలిపోతాయనే నా దిగులు.

చీటీ 10. గురువారం, పొద్దున్న తొమ్మిదిన్నర

ముందు రాయనివ్వండి, తర్వాత ఏడుస్తాను.

ఏడున్నరకి లేచి చాప చుట్టాను. నేల నా బరువు చెప్పి ధన్యవాదాలంది. ముగ్గు వెయ్యడానికి తలుపు తీశాను. మబ్బుగా ఉంది, వీధంతా బూడిదరంగు. సలోమి గుమ్మం మీద ఎర్రదీపం. అనుకున్నదే. దాని పక్కింటి మీద ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. ముగ్గుచిప్ప పట్టుకుని అలాగే వీధిలోకి నడిచాను. ఒక్కో ఇల్లు దాటుతుంటే ముందు ఇంకొకటి వెలుగుతోంది. జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, ఈసారి తల తిప్పుకోలేదు, నన్నే చూస్తున్నారు. మలుపు దగ్గర లెక్క ఇరవై రెండు. చేపలవాళ్ల వరసలో ఎనిమిదికి ఎనిమిదీ వెలిగాయి. ముప్పై. చివరిదాకా వెళ్లి చూశాను. మిగతావి చీకటిగానే ఉన్నాయి.

ముప్పై. ఒక్కటి తక్కువ. తారకేశ్వర్ అతిథిగది ముందు నిలబడి ఉన్నాడు, అతనికి ఇల్లు లేదు, రాయడానికి పలక లేదు. నా ఇల్లు లెక్కలో ఉందా అని అడిగాను. విచారణలో ఉన్నవాళ్ల పలకలో బరువు తప్ప అన్నీ మూసేస్తారండీ అన్నాడు నేల చూస్తూ.

నేను వెనక్కి వచ్చేశాను. ముప్పై ఇళ్లకి నావల్ల మచ్చ పడిందని గుండె బరువెక్కి మా గుమ్మంలో కూర్చుండిపోయాను. అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. పేరిరాజు గారు కుర్చీ తెచ్చి వేసుకుని ఎక్కి, గుమ్మం మీది మెచ్చుకోలు పత్రాన్ని దింపారు. అద్దం తుడిచి, చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లారు. వెళ్లేముందు నావైపు చూసి, "ఆ కొవ్వొత్తి సంగతి మీరు నిజంగానే ఎవరికీ చెప్పలేదటండీ" అన్నారు.

పత్రం ఉన్న చోట, దానివెనక ఇన్నేళ్లూ కనిపించని దీపం, ఎర్రగా వెలిగింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఆ ఎరుపు పచ్చగా మారింది. సలోమిది మారింది, దాని పక్కది మారింది, చేపలవాళ్ల వరస మొత్తం మారింది. అంతటితో ఆగక, పొద్దుట భయపడి రాయనివాళ్ల పలకల్లో కూడా కొత్త కారణం కనిపించినట్టుంది, అవతలి వీధుల్లో టకటకా తలుపులు తెరుచుకోవడం మొదలైంది. ఎవరో పళ్లెం వాయించారు. కెజియా వీధి మధ్యలో గెంతుతోంది. పేరిరాజు గారు కుర్చీ ఎక్కి అందరికీ వినపడేలా, ముప్పై ఒకటోది తమదని ప్రకటిస్తున్నారు. చెప్పుకోనివ్వండి, ఆయన హక్కు అది.

తారకేశ్వర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులొకటి అక్కడా, ఒకటి ఇక్కడా పడ్డాయి. "కారణం ఉన్న నిల్వ నేరం కాదండీ" అని మూడుసార్లు అన్నాడు, ఊపిరి అందక. రేపటి విచారణ రద్దట. మూట విప్పేశాను.

చీటీ 11. శనివారం

నిన్నటినుంచి మా ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి వెనక్కి పంపేసి ఆ బరువుకి సరుకు తెచ్చుకుంటున్నారు, ఏం పంపాలో ఏం తెచ్చుకోవాలో చెప్పమని నా ప్రాణం తీస్తున్నారు. పేరిరాజు గారు సోఫా పంపేశారు. సలోమి మంచం పంపుతానంటే తిట్టాను, పసిపిల్ల ఉన్న ఇంట్లో మంచం ఉండాలి, బీరువా పంపమన్నాను. తారకేశ్వర్ గట్టుకి వెళుతూ, వాళ్లమ్మగారికి ఒక ఖాళీ డబ్బా ఇమ్మని అడిగాడు. బిస్కెట్లదే కావాలన్నాడు. ఇచ్చాను. కానీ ఒక షరతు పెట్టాను, లోపల ఏముందో బయట బొగ్గుతో రాసుకోవాలని. నాకు ఆ గ్లాసు ఇంకా కలలోకి వస్తోంది.

మధ్యాహ్నం నా పలక తెరుచుకుంది. రెండు కిలోల ఉప్పు అడిగాను. కారణాలు పదమూడుకి బదులు పద్నాలుగు వచ్చాయి. కొత్తది రెండుసార్లు చదువుకుని మరీ నొక్కాను. గొట్టం గరగరమని పొట్లం పంపింది, దాని మీద చీటీ. "ఉప్పు రెండు కిలోలు. కారణం: ఎందుకైనా మంచిదని."

పన్నెండేళ్లలో నా ఇంటికి వచ్చిన మొదటి నిజమైన చీటీ ఇది. దీని వెనక రాయడానికి చెయ్యి రాలేదు. పాత మరక చీటీ ఒకటి తీసి దానిమీద ఇదంతా రాస్తున్నాను. కొత్తదాన్ని మడిచి సూదుల డబ్బాలో దాచాను. దాంతో ఏం పని పడుతుందో నాకు తెలియదు. ఉండనీ.